ఏ లినక్స్ ఎక్కించుకోవాలి? చెడిపోతే ఎవరొస్తారో ముందు చూసుకోండి

తిరుపతిలో మా వీధి చివర ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉంటారు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం ల్యాప్‌టాప్‌ను తువ్వాల్లో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు. "నాయనా, పొద్దుటి నుంచి నల్లతెర మీద తెల్ల అక్షరాలే వస్తా ఉండాయి. ఏం చేసినా పోలేదు" అన్నారు. సంగతేమంటే, బీటెక్ చదివే మనవడు సెలవుల్లో వచ్చి తాతగారి ల్యాప్‌టాప్‌లో రోజుకో అప్‌డేట్ వచ్చే రకం లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించాడు. తర్వాత చెన్నై హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. మాస్టారు అప్‌డేట్ నొక్కారు. సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన ల్యాప్‌టాప్ అది. మనవడికి ఫోన్ చేస్తే "పరీక్షలు తాతా, ఆదివారం చూస్తా" అన్నాడట.

నాకేమో ఆ డిస్ట్రో (లినక్స్‌లో ఒక్కో రకాన్ని అట్లా అంటారు) మీద చేయి తిరగలేదు. పెన్‌డ్రైవ్‌తో లేపి, ఆయన ఫైళ్ళు బయటికి తీసి, నాకు తెలిసింది ఎక్కించి పంపాను. డిస్ట్రోలో తప్పేమీ లేదు, ఆ పిల్లోడి చేతిలో అది బాగానే పనిచేసింది. బాగుచేసే మనిషి చెన్నైలో, చెడిపోయిన మిషన్ తిరుపతిలో ఉండటమే వచ్చిన చిక్కు. అప్పటి నుంచి ఎవరు "సార్, ఏ లినక్స్ మంచిది?" అని అడిగినా నా ఎదురుప్రశ్న ఒకటే: చెడిపోతే ఎవరొస్తారు?

ఈ మధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, కారణముంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండాలి. మన ఇళ్ళలో ఉన్నవాటిలో చాలా వాటికి ఆ యోగం లేదు. చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో తెచ్చుకున్న సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు మన దగ్గర బోలెడు. కంపెనీలు వాడి వదిలేసినవి, ఆరో తరం, ఏడో తరం. బండి మాత్రం గట్టిది, ఇంకో ఐదేళ్ళు లాగుతుంది. లినక్స్‌కు ఇవి చక్కగా నప్పుతాయి కూడా, ఎందుకంటే ఈ ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డులు ఎక్కువగా ఇంటెల్‌వి, వాటిని నడిపే డ్రైవర్ కెర్నల్‌తోనే, అంటే లినక్స్ గుండెకాయతోనే, వస్తుంది.

## మారకూడని వాళ్ళు ఇక్కడే ఆగిపోండి

డిస్ట్రోల గొడవలోకి పోకముందు ఈ మాట చెప్పాలి. ఇది చెప్పకుండా ఎక్కించి నేను తిట్లు తిన్న సందర్భాలున్నాయి.

మీది పెళ్ళి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపైతే విండోస్ వదలకండి. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరల్‌డ్రా - నాలుగింటిలో ఒక్కటీ ఇప్పుడు లినక్స్‌కు రాదు. విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ మీద కొన్ని పాత వెర్షన్లు నడుస్తాయి. కానీ ఎల్లుండి ముహూర్తం పెట్టుకుని, పత్రిక ఈ రాత్రికి అచ్చుకు పోవాల్సిన చోట ప్రయోగాలేంటి? పైగా అనులో కొట్టిన పాత ఫైళ్ళు యూనికోడ్ (అన్ని మిషన్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి) కావు. వాటిని లినక్స్‌లో వాడే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనబడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, పదేళ్ళ ఫైళ్ళను మార్చి, ప్రూఫు దిద్దుకుంటూ కూర్చునే తీరిక ఏ షాపువాడికీ ఉండదు.

ట్యాలీ మీద లెక్కలు నడిచే మామిడి మండీలు, కిరాణా హోల్‌సేల్ వాళ్ళదీ అదే దారి. ట్యాలీ ప్రైమ్ విండోస్ మీదే నడుస్తుంది. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ నేర్చుకునే సివిల్, మెకానికల్ పిల్లలు కూడా అంతే.

బీటెక్ ఫైనలియర్ వాళ్ళకు ఒక ప్రత్యేక హెచ్చరిక. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ఆన్‌లైన్ పరీక్షల్లో వాడే, పరీక్ష తప్ప ఇంకేదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్లు చాలావరకు లినక్స్‌లో ఎక్కవు. ఉదాహరణకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్‌కూ ఆపిల్ మిషన్లకూ మాత్రమే ఉంది. పరీక్ష పది నిమిషాల్లో అనగా ఈ సంగతి తెలిస్తే గుండె ఆగుతుంది. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా విండోస్‌ను ఒక పార్టిషన్‌లో (డిస్క్‌లో విడిగా పెట్టిన భాగంలో) ఉండనివ్వండి.

ఇక ప్రింటర్. జెరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో కనబడే ముసలి గుర్రాలు రెండు: కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. రెండోదానికి హెచ్‌పీ వాళ్ళ లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక ప్లగిన్ దించుకుంటే పని జరిగిపోతుంది. మొదటిది మాత్రం తన సొంత భాషలో మాట్లాడే ప్రింటర్. దాన్ని లినక్స్‌లో కదిలించడం ఓపికున్నవాళ్ళ పని. కొత్తగా వస్తున్న వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అడగకుండానే దొరికిపోతాయి. ఏ డిస్ట్రో వేసుకున్నా ప్రింటర్ కథ ఇంతే. కాబట్టి డిస్ట్రో మార్చి ప్రింటర్ బాగుపడుతుందని ఆశపడొద్దు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్ని డిస్ట్రోల కడుపులోనూ ఉండే కెర్నల్ ఒకటే, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది. సంగటి ముద్ద అదే. పక్కన చెనక్కాయల ఊరిబిండి వేశారా, నాటుకోడి పులుసు పోశారా అన్నదే తేడా. అందుకే యూట్యూబ్‌లో తెర అందం చూసి డిస్ట్రో ఎంచుకోవడమంటే నాకు నవ్వొస్తుంది. ఆ అందం ఏ డిస్ట్రోలోనైనా తెచ్చుకోవచ్చు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ఎవరొస్తారు. మీ ఇంట్లోగానీ, వీధిలోగానీ, కాలేజీలోగానీ లినక్స్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఏది వాడతారో కనుక్కోండి. మిగతా కారణాలు ఎటు లాగినా, సగం సందర్భాల్లో అదే మీకు సరైన డిస్ట్రో. ఎవరూ లేరంటే, మీ సమస్యను గూగుల్‌లో కొడితే జవాబు దొరికేది కావాలి. ఆ లెక్కన ఉబుంటు అనే డిస్ట్రో, దాని మీద కట్టిన డిస్ట్రోల కుటుంబం ముందుంటాయి.

మిషన్ వయసు. ర్యామ్ ఎంత, డిస్క్ ఏది? 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏది వేసినా నత్తనడకే. డిస్ట్రో కన్నా ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించండి. ఒక్క ఎస్‌ఎస్‌డీతో వచ్చే తేడా మూడు డిస్ట్రోలు మార్చినా రాదు. ప్రాసెసర్ 32-బిట్‌దైతే దారులు మూసుకుపోతున్నాయి. మింట్ ప్రధాన ఎడిషన్ 2020లోనే 32-బిట్‌ను వదిలేసింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32-బిట్ పీసీ ఇన్‌స్టాలరే లేదు.

ఎన్నాళ్ళ మద్దతు, ఎంత తరచుగా మార్పు. కొన్ని డిస్ట్రోలు ఐదేళ్ళు కదలకుండా కూర్చుని భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇస్తాయి. కొన్ని ఏడాదికోసారి మొత్తం మారమంటాయి. రోలింగ్ రకాలకు వెర్షన్ అన్నదే ఉండదు, ప్రవాహంలా వస్తూనే ఉంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలా, నిన్న పనిచేసింది రేపూ పనిచేయాలా? రెండూ పూర్తిగా కావాలంటే కుదరదు.

డేటా, కరెంటు. దీన్ని ఇంగ్లీషు పోలికల్లో ఎవరూ రాయరు. రోజుకు 1.5 జీబీయో 2 జీబీయో వచ్చే ఫోన్ ప్లాన్ మీద బతికేవాళ్ళకు 6 జీబీల ఫైలు దించుకోవడమంటే మూడు నాలుగు రోజుల కథ. తర్వాత వచ్చే అప్‌డేట్ల బరువూ లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటే, బ్యాటరీ లేని మిషన్‌కు ఎంత తక్కువ అప్‌డేట్లొస్తే అంత క్షేమం.

తెలుగు. ఇది చాలామంది భయపడేది, నిజానికి భయమక్కర్లేనిది. అన్ని పెద్ద డిస్ట్రోల్లోనూ తెలుగు చూపించడం, కొట్టడం బాగానే ఉంటాయి. ఎట్లా కొట్టాలో చివర్లో చెప్తాను.

## ఒక్కొక్కటిగా

### లినక్స్ మింట్

2006లో క్లెమెంట్ లెఫెబ్వ్ర్ మొదలుపెట్టారు. నేను పదిమందికి ఎక్కిస్తే ఏడుగురికి ఇదే. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతున్న వెర్షన్) పునాది మీద కట్టిన ఇల్లు కాబట్టి, ఉబుంటుకు ఇంటర్నెట్‌లో దొరికే జవాబుల్లో ఎక్కువ భాగం దీనికీ పనికొస్తాయి. అడుగున ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, విండోస్ 7 వాడిన చేతికి కొత్త అనిపించదు. మాస్టారికి నేను "ఇది విండోసే, కొంచెం పచ్చగా ఉంటుంది" అని చెప్పి ఊరుకున్నాను.

మూడు రూపాల్లో వస్తుంది. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే సినమన్ వేసుకోండి. 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. మధ్యలో మాటే (MATE) అనే రూపం ఉంది, అలవాటైనవాళ్ళకు తప్ప దాన్ని నేను పెద్దగా సూచించను. 22 సిరీస్‌కు మద్దతు 2029 దాకా ఉంది.

దీంట్లో నాకు బాగా నచ్చినది టైమ్‌షిఫ్ట్. మిషన్ బాగున్న రోజున ఒక స్నాప్‌షాట్ తీసి పెడితే, అప్‌డేట్ తేడా చేసినా, కుర్రాళ్ళు ఏదో కెలికినా వెనక్కి తెచ్చుకోవచ్చు. అది వెనక్కి తెచ్చేది సిస్టమ్‌ను. మీ ఫోటోలూ డాక్యుమెంట్లూ మామూలుగా అందులో ఉండవు, వాటి బ్యాకప్ వేరే పెట్టుకోవాలి. ఈ తేడా తెలియక ఏడ్చినవాళ్ళున్నారు. డ్రైవర్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రాం వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లను వెతికి పెడుతుంది, కమాండ్లు కొట్టే టెర్మినల్ జోలికి పోనక్కర్లేదు.

ఇబ్బంది ఏమిటంటే, సరికొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకు మింట్ కొంచెం వెనకబడినట్టు ఉంటుంది. మార్కెట్లోకి నిన్న వచ్చిన వైఫై చిప్పును, టచ్‌ప్యాడ్‌ను గుర్తించడానికి కొత్త కెర్నల్ కావాలి, ఇక్కడ అది ఆలస్యంగా చేరుతుంది.

### ఉబుంటు

2004లో మార్క్ షటిల్‌వర్త్, ఆయన కంపెనీ కానానికల్ తెచ్చారు. రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ వస్తుంది, ఐదేళ్ళ మద్దతు. ఉబుంటు ప్రో అనే ఖాతా తెరిస్తే వ్యక్తిగత వాడకానికి ఐదు మిషన్ల దాకా ఉచితంగా పదేళ్ళ భద్రతా అప్‌డేట్లు దొరుకుతాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. స్కూల్లోనో ఇంట్లోనో ఒకసారి ఎక్కించి మర్చిపోదామనుకునేవాళ్ళు వాడుకోవాల్సిన సదుపాయం.

కోడింగ్ నేర్చుకునేవాళ్ళకు ఉబుంటే నయం. డాకర్, పైథాన్ లైబ్రరీలు, మెషిన్ లెర్నింగ్ టూల్స్ - ఏ పాఠం తెరిచినా మొదట ఉబుంటు కమాండ్లే ఉంటాయి. ఎస్వీయూలోనో, ఐఐటీ తిరుపతిలోనో, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లోనో చదివే పిల్లోడు పాఠంలో ఉన్నది ఉన్నట్టు కొడితే పనిచేయాలి కదా.

నాకు నచ్చనిది స్నాప్ ప్యాకేజీల పద్ధతి, అంటే సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటితో కలిపి ఒకే మూటగా కట్టి ఇవ్వడం. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ కూడా స్నాప్‌గానే వస్తోంది. ఎస్‌ఎస్‌డీ ఉంటే పెద్దగా తెలియదు. పాత హార్డ్‌డిస్క్ మీద మాత్రం బ్రౌజర్ మొదటిసారి తెరుచుకునేలోపు ఒక గ్లాసు టీ అయిపోతుంది. పైగా 24.04 ఇన్‌స్టాల్ ఫైలు దాదాపు 6 జీబీలు. మింట్‌ది అందులో సగం. ఫోన్ డేటా మీద దించుకునేవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు.

### డెబియన్

ఉబుంటుకు తల్లి, మింట్‌కు అవ్వ. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టారు. వెనకాల ఏ కంపెనీ పెత్తనమూ లేదు, స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. కదలదు, మెదలదు. మూడేళ్ళు మామూలు మద్దతు, ఇంకో రెండేళ్ళు దీర్ఘకాల మద్దతు. సాఫ్ట్‌వేర్ పాతగా ఉంటుంది. కానీ సర్వర్‌గా పెట్టుకున్నా, చిన్న ఆఫీసులో ఫైళ్ళ మిషన్‌గా పెట్టుకున్నా దాని ఊసే మర్చిపోవచ్చు.

ఒకప్పుడు వైఫై డ్రైవర్ కోసం డెబియన్‌తో కుస్తీ పట్టాల్సి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై చిప్పుకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు. నెట్ ఇన్‌స్టాల్ ఫైలు ఒక జీబీ కూడా ఉండదు, మిగతాది మీకు కావలసినంతే దించుకుంటుంది. డేటా పొదుపు చూసుకునేవాళ్ళు గమనించాల్సిన విషయం. కానీ ఇన్‌స్టాలర్ ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది, కొత్తవాళ్ళు పార్టిషన్ల దగ్గర తడబడతారు. పక్కన తెలిసినవాళ్ళు కూర్చుంటే వేసుకోండి.

### ఫెడోరా

2003లో పుట్టింది, రెడ్ హ్యాట్ కంపెనీ అండ ఉంది. సుమారు ఆరునెలలకో కొత్త వెర్షన్, ఒక్కోదానికి దాదాపు 13 నెలల మద్దతు. అంటే ఏడాదికోసారైనా పైకి మారక తప్పదు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకు, కొత్తదనం కావాలి గానీ రోలింగ్ తలనొప్పి వద్దనుకునేవాళ్ళకు చక్కని నడిమి దారి. లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఫెడోరా వాడతానని చెప్పుకున్నారు. ఆయనకు చెడిపోతే బాగుచేసుకోవడం వచ్చు, ఆ సంగతి మర్చిపోకండి.

పెద్ద కంపెనీల సర్వర్లలో నడిచే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఫెడోరా నుంచే తయారవుతుంది. బెంగళూరులో సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల వైపు చూసేవాళ్ళు ఇక్కడ చేయి తిప్పుకుంటే అక్కడ కమాండ్లు పరిచయంగా ఉంటాయి. వీడియోలు ఆడించే కోడెక్‌లు అన్నీ మొదటే రావు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే రెపాజిటరీ (సాఫ్ట్‌వేర్ గిడ్డంగి) కలుపుకోవాలి. ఐదు నిమిషాల పనే, కానీ తెలియనివాళ్ళకు "వీడియో ఆడటం లేదు" అనే ఫిర్యాదు అవుతుంది.

### ఆర్చ్

2002 నాటిది. మీ సిస్టమ్‌ను మీరే ఇటుక ఇటుకగా కట్టుకోవాలి. నేర్చుకోవడానికి ఇంత మంచిది ఇంకోటి లేదు, దాని వికీ అయితే ఏ డిస్ట్రో వాడేవాళ్ళకైనా దిక్కు. నేను మింట్ సమస్యలకు కూడా ఆర్చ్ వికీనే తెరుస్తాను. కానీ ఒకే ల్యాప్‌టాప్ ఉండి, రేపు సెమినార్ ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. రెండో మిషన్ మీద వేసి ఆడుకోండి. ఆడుకుంటూ నేర్చుకున్నదే గట్టిగా వస్తుంది.

### తేలిక రకాలు

లుబుంటు, ఎంఎక్స్ లినక్స్, యాంటీఎక్స్. పదేళ్ళు దాటిన, 2 జీబీ ర్యామ్ ఉన్న వాటికి. లుబుంటు ఎల్‌టీఎస్ అయినా మద్దతు మూడేళ్ళే. చిన్న 32-బిట్ నెట్‌బుక్‌లు మూలన పడి ఉంటే యాంటీఎక్స్‌తో లేపొచ్చు. అయితే ఒక నిజం చెప్తాను. డిస్ట్రో ఎంత తేలికైనా, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే 2 జీబీ ర్యామ్ చేతులెత్తేస్తుంది. తేలికతనం డెస్క్‌టాప్ వరకే, వెబ్‌సైట్లు తేలికపడవు.

### కాలీ గురించి రెండు మాటలు

ప్రతి ఏడాదీ ఒక ఫస్టియర్ అబ్బాయి వచ్చి "అన్నా, కాలీ ఎక్కించు" అంటాడు. ఎందుకంటే "హ్యాకింగ్" అంటాడు. కాలీ నెట్‌వర్క్ భద్రత పరీక్షించేవాళ్ళ పనిముట్ల పెట్టె. రోజువారీ వాడకానికి కాదని దాన్ని తయారుచేసేవాళ్ళే చెప్తారు. వర్చువల్‌బాక్స్‌లో (మిషన్ లోపల ఇంకో మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టుకుని నేర్చుకో అబ్బోడా అని పంపిస్తాను.

### బాస్

భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. చెన్నైలోని సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) తయారుచేసింది, మొదటి విడుదల 2007లో. డెబియన్ మీద ఆధారపడింది, తెలుగుతో సహా భారతీయ భాషలు ముందే అమర్చి వస్తాయి. పాఠశాలల కోసం ఎడ్యుబాస్ అని వేరే రూపం ఉంది. ప్రభుత్వ ఆఫీసుల్లో తప్ప మన వైపు వాడేవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు. నా మొదటి ప్రశ్న దగ్గర, చెడిపోతే ఎవరొస్తారనే దగ్గర, ఇది ఓడిపోతుంది.

## ఒక్క చూపులో

| డిస్ట్రో | మద్దతు | నప్పే మిషన్ | ఎవరికి | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|---|
| మింట్ | 22 సిరీస్‌కు 2029 దాకా | 4-8 జీబీ ర్యామ్, పాతవైనా సరే | మొదటిసారి వచ్చేవాళ్ళు, పెద్దవాళ్ళు | సరికొత్త ల్యాప్‌టాప్‌లు |
| ఉబుంటు ఎల్‌టీఎస్ | 5 ఏళ్ళు, ప్రో ఖాతాతో 10 | 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ | కోడింగ్ విద్యార్థులు | పెద్ద ఫైలు, స్నాప్ నెమ్మది |
| డెబియన్ | 3+2 ఏళ్ళు | ఏదైనా | సర్వర్, కదిలించకూడని మిషన్ | ఇన్‌స్టాలర్, పాత సాఫ్ట్‌వేర్ |
| ఫెడోరా | సుమారు 13 నెలలు | కొత్త ల్యాప్‌టాప్, 8 జీబీ పైన | కొత్తదనం కోరేవాళ్ళు | ఏడాదికోసారి మార్పు |
| ఆర్చ్ | రోలింగ్ | రెండో మిషన్ | నేర్చుకునే పిచ్చి ఉన్నవాళ్ళు | డేటా, తీరిక, కరెంటు |
| లుబుంటు | 3 ఏళ్ళు | 2-4 జీబీ | మూలనపడ్డ మిషన్లు | బ్రౌజర్ భారం |

## మీరు ఏ కోవలోకి వస్తారు

బ్యాంకు, ఫోన్ బిల్లులు, యూట్యూబ్, మనవళ్ళతో వీడియో కాల్. మింట్. ఇంకేమీ ఆలోచించొద్దు. మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలే పొద్దున కూడా బ్రౌజర్ బ్రౌజరే, ఏ డిస్ట్రో వేసినా ఆ క్యూ మాత్రం తరగదు.

సీఎస్‌ఈ విద్యార్థి. మొదటి రెండేళ్ళూ లినక్స్ ల్యాబ్ కోసమే అయితే విండోస్ లోపలే డబ్ల్యూఎస్‌ఎల్‌తో ఉబుంటు తెరుచుకోండి, డిస్క్ ముట్టుకునే పనే లేదు. మూడో ఏడాదికి చేయి తిరిగాక డ్యూయల్ బూట్ (ఒకే మిషన్‌లో విండోస్, లినక్స్ రెండూ) పెట్టుకోవచ్చు. మీ లెక్చరర్ ఫెడోరా మనిషైతే ఫెడోరానే వేసుకోండి, ఎందుకో ఇప్పటికే చెప్పాను.

కొత్త ల్యాప్‌టాప్, ఎన్విడియా గ్రాఫిక్స్, ఆటలు. ఆటలు అమ్మే స్టీమ్‌లోని చాలా ఆటలు, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ ద్వారా ఆడతాయి. వాలరెంట్ మాత్రం ఆడదు, దాని మోసనిరోధక సాఫ్ట్‌వేర్ విండోస్‌కే కట్టుబడింది. ఆ ఒక్క ఆట కోసమైతే మారకండి. ఆ ఆట అక్కర్లేదంటే ఉబుంటు, లేదా ఓపికుంటే ఫెడోరా.

పల్లె బడిలో పాత డెస్క్‌టాప్‌ల ల్యాబ్. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. పాలసముద్రం వైపు అయినా, పుంగనూరు వైపు అయినా బడికి కంప్యూటర్లు ఇచ్చే దాతలు దొరుకుతారు, నడిపే మనిషి దొరకడు. పది మిషన్లు ఉంటే పదింటిలోనూ ఒకే డిస్ట్రో, ఒకే వెర్షన్ పెట్టండి. ఒకదానిలో మింట్, ఒకదానిలో లుబుంటు అని ప్రయోగశాల చేయొద్దు. రెండు పెన్‌డ్రైవ్‌లలో ఇన్‌స్టాలర్ వేసి బీరువాలో పెట్టి, ఎక్కించే పద్ధతి తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. కేరళ బడులు ఉబుంటు మీద తమకు కావలసినట్టు మార్చుకున్న ఒకే సిస్టమ్‌ను రాష్ట్రమంతా వాడతాయి. ఏ బడి టీచరు ఏ బడికి పోయినా అదే తెర కనబడుతుంది. మనకు అంత ఏర్పాటు లేకపోయినా ఒక మండలంలో నాలుగు బడులు మాట్లాడుకుని ఒకే దానికి కట్టుబడితే సగం బాధ తీరుతుంది. నేనైతే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అంటాను.

షాపు. ట్యాలీ ఉన్న మిషన్‌ను ముట్టుకోవద్దు. సీసీటీవీ చూసుకోవడానికీ, పాటలు పెట్టుకోవడానికీ, వాట్సాప్ వెబ్‌కూ వాడే రెండో మిషన్ ఉంటే దానిలో వేయండి. అయితే సీసీటీవీ పెట్టెను బ్రౌజర్‌లో చూసే పాత రకాలు కొన్ని విండోస్ ప్లగిన్ అడుగుతాయి, ముందు పరీక్షించుకోండి.

## ఎక్కించే ముందు

పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. వెంటాయ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి పెట్టుకుంటే ఒకే పెన్‌డ్రైవ్‌లో రెండు మూడు డిస్ట్రోల ఫైళ్ళు పడేసి, బూట్ అయ్యేటప్పుడు కావలసింది ఎంచుకోవచ్చు. అప్పుడు 32 జీబీది తీసుకోండి. దాంతో లైవ్‌గా, అంటే పెన్‌డ్రైవ్ నుంచే, మిషన్‌ను లేపి, ఇన్‌స్టాల్ నొక్కకుండా ఒక గంట వాడండి. వైఫై దొరికిందా, శబ్దం వస్తోందా, కెమెరా తెరుచుకుందా, మూత మూసి తెరిస్తే మిషన్ లేచిందా, ప్రింటర్ కదిలిందా చూడండి. ఈ ఐదూ బాగుంటే అక్కడికి ముప్పాతిక పని అయినట్టే. వైఫై దొరక్కపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, దాదాపు ఏ డిస్ట్రో అయినా దాన్ని వెంటనే పట్టుకుంటుంది. ఆ నెట్‌తో డ్రైవర్ దించుకోవచ్చు.

డ్యూయల్ బూట్ చేసేవాళ్ళు విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చెప్పకుండానే అది ఆన్‌లో ఉంటుంది. రికవరీ కీని కాగితం మీద రాసుకోకుండా పార్టిషన్ ముట్టుకుంటే మీ డేటాకు మీరే పరాయివాళ్ళవుతారు. ఇన్‌స్టాలర్‌కు అసలు డిస్కే కనబడకపోతే బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలో) ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది మార్చితే విండోస్ లేవకపోవచ్చు, కాబట్టి తెలిసినవాళ్ళను అడిగి మార్చండి.

తెలుగు కొట్టడానికి: ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డు) వచ్చినవాళ్ళు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్ళు ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కించుకుంటే ఆర్‌టీఎస్ అనే ఆ పద్ధతి దొరుకుతుంది. డెబియన్, ఉబుంటు కుటుంబాల్లో తెలుగువిజయం పేరుతో ఒక ఫాంట్ల ప్యాకేజీ ఉంది. మండలి, రామభద్ర, ఇంకా బోలెడు అందమైన ఫాంట్లు ఒక్క దెబ్బతో వస్తాయి. అందులో మన కాళహస్తి ధూర్జటి పేరు పెట్టుకున్న ఫాంటు కూడా ఉంది.

మాస్టారు ఇప్పుడు తన పద్యాలన్నీ దాంట్లోనే కొట్టుకుంటున్నారు. సంక్రాంతికి మనవడు వచ్చి, "తాతా, ఇది మరీ సాదాగా ఉంది, నేను మంచిది ఎక్కిస్తానుండు" అన్నాడట. మాస్టారు పాస్‌వర్డ్ చెప్పలేదు.